ఓక్ పురుగు, పైన్ పురుగు

రెండు రకాల పెంకుపురుగుల గురించి నాకు బాగా తెలుసు. రెండూ మన దేశానివి కావు. ఒకటి ఓక్ కర్రను తింటుంది, ఇంకొకటి పైన్ కర్రను తింటుంది. పదో తరగతిలో సైన్సు అయ్యవారు బొద్దింక బొమ్మ వెయ్యమంటే ఆరు కాళ్ళు సరిగా వెయ్యలేక బెత్తం దెబ్బలు తిన్నవాణ్ణి నేను. అలాంటివాణ్ణి యూరప్ పురుగుల సంగతి చెబుతానంటే మా ఊళ్ళో ఎవరూ నమ్మరు. నమ్మకపోయినా ఫరవాలేదు. ఒక పురుగు సంగతి ఒక మనిషికి చెప్పవలసిన రోజున చెప్పలేదు. ఆ బాధ ఇన్నేళ్ళయినా పోక ఇప్పుడు రాస్తున్నాను.

అది రెండు వేల ఆరు. దుబాయ్ పక్కన అజ్మాన్‌లో, యూరప్ నుంచి వచ్చే పాత ఫర్నిచర్‌ని బాగుచేసే వర్క్‌షాపులో నాది పాలిష్ పని. మాది రాయచోటి పక్కన పల్లె, దూదేకుల ఇల్లు. ఇంటర్ దాకా చదివి, పరీక్ష తప్పి, తెలిసినవాళ్ళు పంపిన వీసా మీద వచ్చాను. నాకు కోపం ఎక్కువ, ఓపిక తక్కువ. అలాంటివాడికి పాలిష్ పని ఎలా అబ్బిందో తెలియదు గానీ అబ్బింది. వర్క్‌షాపులో పాతికమందిమి ఉంటే తెలుగువాళ్ళం ఇద్దరమే. రెండో ఆయన కోనసీమ వడ్రంగి.

ఆయన నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన తమ్ముడూ అనేవాడు. ఒకే గది, ఒకే పొయ్యి. నేను కారం ఎక్కువ వేశానని ఆయన, ఆయన చింతపండు ఎక్కువ పిసికాడని నేను, రోజూ తగువు పడుతూనే తినేవాళ్ళం. కర్ర విషయంలో మాత్రం ఆయన మాటకు ఎదురు లేదు. చిత్రిక ఒక్కసారి పట్టి, రాలిన పొట్టు వేళ్ళతో నలిపి, ఆ చెట్టు ఎండలో పెరిగిందో నీడలో పెరిగిందో చెప్పేవాడు. ఆ చెట్టు ఎక్కడో చలిదేశంలో కొట్టేసి వందేళ్ళయి ఉంటుంది. వెళ్ళి చూసొచ్చేవాడెవడూ లేడు కదా, అదొక ధైర్యం ఆయనకు.

శకునాలంటే ఆయనకు ప్రాణం. బయల్దేరేటప్పుడు ఎవడైనా తుమ్మితే, ఆ తుమ్మినవాడు పెషావర్ పఠాన్ అయినా సరే, వెనక్కొచ్చి కూర్చుని గుక్కెడు మంచినీళ్ళు తాగి గాని కదిలేవాడు కాదు. అన్నిటికంటే బల్లి మీద నమ్మకం. ఏదైనా మాట అన్న వెంటనే బల్లి పలికితే ఆ మాట సత్యమని మనవైపు అందరికీ తెలిసిందే. పలికిందని విన్నవాళ్ళు వేలితో మూడుసార్లు తట్టాలి. మసీదుకు వెళ్ళే ఇల్లే అయినా మా జేజి కూడా తట్టేది. అజ్మాన్ గోడల నిండా బల్లులే. మనవాటికంటే కాస్త పాలిపోయినట్టుంటాయి. "రంగు మారింది గాని భాష మారలేదు తమ్ముడూ, ఇది తెలుగులోనే పలుకుద్ది" అనేవాడు. నేను నవ్వేవాణ్ణి. ఆయనా నవ్వేవాడు, కాని తట్టడం మానేవాడు కాదు.

ఆయనకు పిల్లల్లేరు. అమలాపురం దగ్గర పల్లెలో భార్య ఒక్కతే ఉండేది. ఆ చలికాలం నుంచి ఆమెకు కడుపులో నొప్పి. అమలాపురం డాక్టరు చూసి, లోపల కంతి ఉంది, కాకినాడ వెళ్ళి ఆపరేషన్ చేయించుకోమన్నాడు. ఆమె వెళ్ళనంది. ఆమెకు భయం. అన్న ఫోన్ స్పీకర్‌లో పెట్టి, కూర తరుగుతూ మాట్లాడేవాడు కాబట్టి ఆ మాటలు నేనూ విన్నాను. "మీరొచ్చాకే ఎల్తానండి. మీరు బయట బల్ల మీద కూర్చున్నారంటే, లోపల వాళ్ళేం చేసినా పడతాను" అంది. "ఏప్రిల్లో వొచ్చేత్తున్నాను కదా, అందాకా ఓర్చుకో" అన్నాడు అన్న. అప్పటికి ఆయన ఊరికి వెళ్ళి రెండున్నరేళ్ళు దాటింది.

జనవరిలో ఇంగ్లండ్ నుంచి ఒక కంటైనర్ వచ్చింది. ఎవరో పెద్దాయన తన విల్లాలో భోజనాల గది కోసం అక్కడి పాత బంగళాలోని ఒక హాలుని మొత్తం విప్పించి తెప్పించుకున్నాడు. గోడలకు తాపే ఓక్ పలకలు, పైకప్పుకు పైన్ దూలాలు. వాటి వెనకే ఆ పని తెలిసిన ఒక ఇంగ్లీషావిడ వచ్చింది. అరవై ఏళ్ళుంటాయి. మెడలో దారానికి కట్టిన భూతద్దం, జేబులో ఎప్పుడూ ఒక పెన్సిల్. మొదటి రోజే పలకలు తిప్పించి, వెనకవైపు చిల్లులు చూసి పెదవి విరిచింది. ఓడ ఎక్కించేముందు మందు పొగ పెట్టారట, కాని కర్ర లోతున ఉన్నవి చావకపోయి ఉండొచ్చంది. ముదీర్, అంటే మా మేనేజరు, స్ప్రే కొట్టించి ఖలాస్ చేద్దామన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. ఏ పురుగు, ఎక్కడ, ఎన్ని బతికున్నాయో తేలాకే మందు అంది. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చినవాణ్ణి నేనే కనుక నన్ను ఆవిడకు అంటగట్టారు.

ఆవిడ నాకు పెట్టిన పని ఏమిటంటే, చిల్లులున్న చోటల్లా పల్చటి కాగితం జిగురుతో అంటించడం. లోపల పురుగు బతికుంటే బయటికి వచ్చేటప్పుడు కాగితాన్ని తొలుచుకుని వస్తుంది. రోజూ పొద్దున అన్నీ చూసుకుంటూ వెళ్ళి, కాగితంలో కొత్త చిల్లు కనిపిస్తే పెన్సిల్‌తో దాని చుట్టూ సున్నా చుట్టాలి. నాకు ఒళ్ళు మండింది. అద్దంలా మెరుపు తెప్పించే చేతులతో బడిపిల్లల పుస్తకాలకు అట్టలేసే పని చేయిస్తోందని అన్న దగ్గర విసుక్కున్నాను. "చెయ్యరా బాబూ, కూర్చోబెట్టి చేయించుకునే పని దుబాయ్‌లో ఎవడికి దొరుకుద్ది" అన్నాడాయన.

మెల్లగా నాకే సరదా పుట్టింది. చిల్లు చూసి పురుగు పేరు చెప్పాలి, అదీ ఆవిడ పెట్టే పరీక్ష. పైన్ దూలంలో చిల్లు కోలగా, చిటికెన వేలి గోరంత ఉంటుంది. ఓక్ పలకలో చిల్లు గుండ్రంగా, అగ్గిపుల్ల తల దూరేంత ఉంటుంది. రాలే పొడి కూడా వేరు. పైన్ పొడి మెత్తగా పిండిలా ఉంటుంది, ఓక్ పొడిలో చిన్న చిన్న బిళ్ళలు వేళ్ళకు తగులుతాయి. నాలుగు రోజుల్లో కళ్ళు మూసుకుని, పొడి నలిపి చెప్పేసేవాణ్ణి. కర్ర ముట్టుకుని చెట్టు కథ చెప్పే అన్నకు నేనేమీ తీసిపోలేదనిపించింది.

తరువాత వాటి బతుకు చెప్పింది. పైన్ పురుగు తల్లి దూలం పగుల్లో గుడ్లు పెట్టి తన దారిన తాను పోతుంది. పిల్లపురుగు కర్రలోకి తొలుచుకుంటూ వెళ్ళి, మూడేళ్ళు, ఐదేళ్ళు, కర్ర బాగా ఎండిపోయి సారం లేకపోతే పదేళ్ళయినా, లోపలే తింటూ ఉంటుంది. పైపొరను మాత్రం ముట్టదు. దూలం చూడటానికి నిండుగా ఉంటుంది, వేలితో నొక్కితే లోపలికి దిగిపోతుంది. ఎండ దీనికి బాగా పడుతుంది. వేడి పెరిగినకొద్దీ చురుగ్గా తింటుంది. దూలానికి చెవి ఆనించి వినమంటే విన్నాను. ఎండుటాకును గోటితో గీరినట్టు గరగరమని శబ్దం. ఇన్నేళ్ళు తిన్నాక రెక్కలొచ్చి బయటపడేది రెండు మూడు వారాల బతుక్కే. ఆ రోజుల్లో ఏమీ తినదట. జత కట్టి, గుడ్లు పెట్టి, చచ్చిపోతుంది.

ఓక్ పురుగు దారి వేరు. దానికి చెమ్మ కావాలి. బాగా పాతబడి, వాన నీళ్ళు తాగి, బూజు పట్టి మెత్తబడిన ఓక్ అయితేనే అది బతికేది. ఇది కూడా ఏళ్ళ తరబడి లోపలే ఉంటుంది. అయితే వేసవి చివర్లో రెక్కలొచ్చేసినా వెంటనే బయటికి రాదు. చలికాలమంతా ఆ చీకట్లోనే కూర్చుని వసంతం కోసం కాచుకుంటుంది. మా రేకుల షెడ్డు వేడి తగిలి వసంతం వచ్చేసిందనుకున్నాయేమో, ఫిబ్రవరిలోనే ఒక్కొక్కటీ కాగితాలు చించుకుని రావడం మొదలుపెట్టాయి. జీలకర్ర గింజ కంటే కాస్త పెద్దవి, ముదురు గోధుమ రంగువి. "ఈ పొడి దేశంలో వీటి పిల్లలు బతకవు. ఇవే ఆఖరివి. దూలంలో ఉన్నవాడు మాత్రం ఇక్కడ హాయిగా ఉంటాడు" అంది ఆవిడ. నాకు నవ్వొచ్చింది. మా గదిలోనూ అంతే. ఎండలో పుట్టి పెరిగినవాణ్ణి నేను జూన్‌లో కూడా ఢోకా లేకుండా తిరిగేవాణ్ణి. కాలవల మధ్య పెరిగిన అన్నకు మార్చి వచ్చేసరికే పెదాలు పగిలి రక్తం వచ్చేది. ఆ మాట ఆయనతో అందామనుకుని, నన్ను పురుగుతో పోలుస్తావా అంటాడని ఊరుకున్నాను.

ఒక మధ్యాహ్నం మిషన్లు ఆపి అందరూ అన్నాలకు వెళ్ళాక ఆవిడ నన్ను చెయ్యి ఊపి పిలిచింది. మాట్లాడొద్దని సైగ చేసింది. ఓక్ పలకలోంచి టక్ టక్ టక్ టక్ అని నాలుగైదు సార్లు వినిపించి ఆగిపోయింది. నేను గోడ మీద బల్లి కోసం చూశాను. ఆవిడ పెన్సిల్ తీసి, పలక మీద అలాగే తట్టింది. లోపల్నుంచి మళ్ళీ టక్ టక్ టక్ టక్. ఓక్ పురుగు జత కోసం తన నుదురు కర్రకేసి కొట్టుకుంటుందట. ఆడది దగ్గర్లో ఉంటే తిరిగి కొడుతుంది. పెన్సిల్‌తో తట్టినా జతే పిలిచిందనుకుని జవాబిస్తుంది పాపం. దాని పేరు డెత్‌వాచ్ బీటిల్ అని చెప్పింది. పూర్వం వాళ్ళ దేశంలో ఇంట్లో ఎవరైనా చావుబతుకుల్లో ఉంటే చుట్టూ మాటలేకుండా కూర్చునేవారు, ఆ నిశ్శబ్దంలో పైకప్పు ఓక్ దూలంలోంచి ఈ శబ్దం వినిపించేది, అందుకని దీన్ని చావు కోసం కాపలా కాసే పురుగన్నారు. "పురుగు ఎప్పుడూ తడుతూనే ఉంటుంది. ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడే మనకు వినిపిస్తుంది, అంతే" అని నవ్వింది. నేను మా బల్లి సంగతి చెప్పాను. అది పలికితే మనం అన్న మాట నిజమవుతుందంటే ఆవిడ ఇంకా నవ్వి, మీ బల్లే నయం అంది.

సాయంత్రం ఈ విడ్డూరం అన్నకు చెప్పాలని ఆత్రంగా ఉన్నాను. కాని ఆ సాయంత్రమే ముదీర్ మా ఇద్దరినీ ఆఫీసులోకి పిలిచాడు. ఇద్దరం ఏప్రిల్‌కే సెలవు పెట్టుకున్నాం. విల్లా పని మే చివరికి అప్పగించాలి. "ఏక్ జాయేగా, ఏక్ రహేగా. ఖలాస్" అన్నాడు. ఒకళ్ళు ఏప్రిల్‌లో వెళ్ళండి, రెండోవాళ్ళు విల్లా అయ్యాక జూన్‌లో వెళ్ళండి, ఎవరో మీరే తేల్చుకోండి అని ఫైలు మూసేశాడు.

తేల్చుకోవడానికేముంది. వంతు చూసినా అన్నకే, అవసరం చూసినా అన్నకే. నాకూ ఒక కారణం ఉంది. నేను వచ్చిన ఐదు నెలలకు నాకు కూతురు పుట్టింది. ఏడాదిన్నర నిండింది. ఫొటోలో తప్ప చూడలేదు. నడక వచ్చింది, మాటలు వస్తున్నాయి, ఎవరిని చూసినా చేతులు చాస్తోందని మా ఆమె ఫోన్‌లో చెప్పేది. జూన్ అంటే రెండు నెలలే కదా అని ఎవరైనా అంటారు. ఆ రెండు నెలలు నాకు కొండంత అయ్యాయి. "నువ్వు పోన్నా" అని నోటితో ఒక్కసారి అన్నాను. ఆ తరువాత వారమంతా ముఖం ముడుచుకుని తిరిగాను. కూతురి ఫొటో తీసి గోడకు అంటించాను. నా మంచం పక్కన కాదు, ఆయన మంచానికి ఎదురుగా. కావాలనే అక్కడ అంటించాను.

ఆయన పొద్దున లేవగానే ఆ ఫొటో చూసేవాడు. ఆయన నలిగిపోతున్నాడని నాకు తెలుస్తూనే ఉంది.

వారం తరువాత ఒక మధ్యాహ్నం, మిషన్లు ఆగాక, ఇద్దరం ఓక్ పలకల మధ్య నీడలో కూర్చుని టిఫిన్ విప్పుకున్నాం. ఆవిడ ఆ రోజు విల్లా కొలతలు చూడటానికి వెళ్ళింది. షెడ్డులో ఇంకెవరూ లేరు. ఆయన అన్నం కలిపి, ముద్ద చేతిలోనే పట్టుకుని, నాతో కాదు, తనలో తానే అన్నట్టు అన్నాడు. "జూన్ దాకా ఆగితే మా ఆవిడకేం కాదు గదా."

టక్ టక్ టక్ టక్ అని వినిపించింది.

ముద్ద పట్టుకున్న చెయ్యి అలాగే ఆగింది. ఆయన ముఖం విప్పారింది. కుడిచేతికి అన్నం ఉంది కాబట్టి ఎడమచేతి వేలితో, తను ఆనుకుని కూర్చున్న పలక మీద మూడుసార్లు తట్టాడు. వెంటనే మళ్ళీ టక్ టక్ టక్ టక్.

"ఇన్నావా తమ్ముడూ?" అన్నాడు. "నేను తడితే మళ్ళీ పలికింది! నా జన్మలో ఇలా ఎప్పుడూ అవలేదు." మళ్ళీ తట్టాడు. మళ్ళీ పలికింది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన భుజం పక్కనే నేను అంటించిన కాగితం ఉంది. ఆ పొద్దున నేనే చుట్టిన పెన్సిల్ సున్నా ఉంది.

అది బల్లి కాదన్నా, పురుగు. నేను చెప్పవలసింది ఆ ఒక్క మాట. దాని పేరేమిటో, ఆ పేరు ఎందుకొచ్చిందో కూడా నాకు తెలుసు. నోటిదాకా వచ్చింది. అప్పుడే ఆయన అన్నాడు, "నువ్వెల్లు తమ్ముడూ. పిల్లని చూసుకో. నేను జూన్లో ఎల్తాను."

"పలికిందిలేన్నా" అన్నాను నేను. ఊరుకున్నా కొంత నయం. ఊరుకోలేదు, సాక్ష్యం కూడా చెప్పాను.

సాయంత్రం ఆయన భార్యకు ఫోన్ చేశాడు. రెండుసార్లు తట్టి బల్లి చేత రెండుసార్లు పలికించుకున్నానని చెప్పాడు. ఆమె, "అయితే జూన్లోనే ఎల్దాంలెండి. అంతలా పలికితే ఇంకేం భయం" అంది. ఆమె నవ్వు కూడా వినిపించింది. నేను కూర గిన్నె కడిగే నెపంతో బయటికి వెళ్ళిపోయాను.

ప్రయాణానికి ఇంకా ఇరవై రోజులున్నాయి. చెప్పాలనుకుంటే ఏ పూటైనా చెప్పొచ్చు. చెప్పకుండా ఉండటానికి రోజుకో కారణం వెతుక్కున్నాను. కంతి ఉన్నవాళ్ళు ఏళ్ళ తరబడి తిరగడం లేదా అన్నాను. ఆయన నమ్మకం చెడగొట్టడం పాపం అన్నాను. రెండు నెలలకు ఏం కొంప మునుగుతుందన్నాను. అన్నీ నాకు నేనే చెప్పుకున్నాను. ఆయన ఈలోగా మిగిలిన టేకు ముక్కలతో నా కూతురికి మూడు చక్రాల తోపుడుబండి చేశాడు. అంచులు పసివేళ్ళకు గుచ్చుకోకుండా గరుకు కాగితంతో గంటల తరబడి రుద్దాడు. పాలిష్ మాత్రం నన్ను పెట్టమన్నాడు.

ఏప్రిల్ మొదట్లో ఊరు చేరాను. నన్ను చూసి నా కూతురు కెవ్వుమంది. కొత్త మనిషి కదా, నాలుగు రోజుల్లో అలవాటవుతుందిలే అన్నారు అందరూ. నాలుగు రోజులు పది అయ్యాయి. పాలవాడి దగ్గరికి పోతుంది, పక్కింటి ముసలాయన ఒళ్ళో కూర్చుంటుంది, నేను చేతులు చాస్తే తల్లి కొంగు పట్టుకుంటుంది. బండి అంటే మాత్రం ఇష్టం. నేను వెనక చెయ్యి వేసి తోస్తే వదిలేసి పోయేది. ఒకరోజు ఎంత బతిమాలినా రాకపోతే నా పాడు కోపం ఆపుకోలేక గట్టిగా అరిచాను. ఆ తరువాత నా గొంతు వినిపిస్తే తలుపు చాటుకు పోయేది. ఇంటికొచ్చే మగవాళ్ళందర్నీ మామ అనేది. నన్నూ మామ అంది. మా ఆమె పక్కన కూర్చుని "నాయన, నాయన" అని ఎన్నిసార్లు పలికించినా నా వైపు చూసి ఆ మాట అనలేదు.

ముప్పయ్యో రోజున వర్క్‌షాపు నుంచి ఫోన్ వచ్చింది. అన్న భార్య పోయింది. తెల్లవారి లేచి వాకిలి ఊడుస్తూ కడుపు పట్టుకుని కూలబడిందట. ఇరుగుపొరుగు కారు మాట్లాడి కాకినాడ తీసుకువెళ్ళారు. కంతి లోపలే చితికిపోయింది, ఒక నెల ముందు తెచ్చినా తీసేసేవాళ్ళమన్నారట అక్కడ. అన్న పాస్‌పోర్టు ఆఫీసు అలమరాలో ఉంది, తాళం ముదీర్ దగ్గర ఉంది, ముదీర్ ఊళ్ళో లేడు. ఒక రోజు అలా పోయింది. ఆయన వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఎండలకు ఆపలేక ఆమె తమ్ముడే తలకొరివి పెట్టాడు.

రాయచోటి నుంచి అమలాపురం ఎంత దూరమని. పొద్దున బయల్దేరితే మర్నాటికి ఉండొచ్చు. మా ఆమె బట్టలు కూడా సర్దింది. సెలవు రోజులు తక్కువున్నాయని చెప్పి నేను వెళ్ళలేదు. అబద్ధం. ఆయన ముఖం చూడటానికి భయపడ్డాను. నలభై ఐదో రోజున నేను బయల్దేరుతుంటే నా కూతురు తల్లి చంకలోంచి అందరికీ చెయ్యి ఊపమంటే ఊపింది. అందరితో పాటు నాకూ ఊపింది.

నేను చేరేసరికి అన్న పెద్దకర్మ ముగించుకుని అప్పటికే తిరిగొచ్చేసి ఉన్నాడు. గుండు మీద వెంట్రుకలు తెల్లగా మొలుస్తున్నాయి. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఇద్దరికీ అన్నం వండి ఉంచాడు. ఆ తరువాత నేను కారం ఎంత వేసినా తగువు పెట్టలేదు. పలకలు విల్లాకు తరలించేశారు, ఇంగ్లీషావిడ వెళ్ళిపోయింది. పలకలు నిలబెట్టిన చోట గోడ వార ఊడుస్తుంటే ఓక్ పురుగులు ఎండిపోయి గింజల్లా దొర్లాయి. ఒకటి తీసి కాగితంలో పొట్లం కట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాను. చూపించి, జరిగింది జరిగినట్టు చెప్పేద్దామని నిశ్చయించుకున్నాను. కొట్టినా పడదామనుకున్నాను. నిజానికి కొడితే బాగుండుననే అనిపించింది.

శుక్రవారం. నేను నమాజు చేసి వచ్చేసరికి ఆయన షెడ్డు బయట నీడలో మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చున్నాను. జేబు మీద చెయ్యి వేశాను.

"ఎక్కడ తప్పు చేశానా అని రోజూ ఆలోచిస్తన్నాను తమ్ముడూ" అన్నాడు ఆయనే. "బల్లి మాట ఎప్పుడూ తప్పదు. నేనే తప్పు చేశాను. ఎడంచేత్తో తట్టాను గదా ఆ రోజు. కుడిచెయ్యి ఎంగిలని. అలా తట్టకూడదు. లేచి చెయ్యి కడుక్కుని తట్టాల్సింది. బద్ధకించాను. దాన్ని నేనే చంపుకున్నాను."

"అట్ల కాదన్నా" అన్నాను. "అదీ, ఆ రోజు..."

ఆయన వినిపించుకోలేదు. నా వైపు తిరిగి, వచ్చిన తరువాత మొదటిసారి నా ముఖంలోకి చూశాడు. "అడగటమే మర్చిపోయాను. పిల్ల నీ దగ్గరికొచ్చిందా?"

ఎదురుచూస్తున్నాడు. ఆ ఒక్కదానికోసమే ఆయన అంతా ఇచ్చేశాడు. నేను పొట్లం తీయడానికి వేళ్ళు జేబులో పెట్టి ఉన్నాను.

"వచ్చిందన్నా" అన్నాను. "దిగిన రోజే మెడ పట్టుకునింది."

"ఏమని పిలిచింది?"

"నాయనా అనింది."

ఆయన తల ఆడించాడు. పగిలిన పెదాల మీద ఏదో నవ్వులాంటిది వచ్చింది. "పోన్లే. ఒక ఇంట్లోనన్నా మంచి జరిగింది" అన్నాడు. నేను జేబులోంచి చెయ్యి తీసేశాను. ఇంక పురుగు సంగతి చెబితే ఆయనకు ఆ మంచి కూడా మిగలదని ఆ పూట అనుకున్నాను. అదీ నాకు నేను వెతుక్కున్న కారణమేనని తరువాత తెలిసింది.

ఇంకో ఏడాది ఒకే గదిలో ఉన్నాం. ఎడమచేతి మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు. అన్నానికి కూర్చున్నప్పుడు మాత్రం ఆ చెయ్యి వీపు వెనక్కి మడిచి పెట్టుకునేవాడు, తిన్నంతసేపూ ముందుకు తెచ్చేవాడు కాదు. నేను ఎదురుగా కూర్చుని తినేవాణ్ణి.